ఫ్యాన్ లేని రేడియేటరా, నెమ్మదిగా తిరిగే ఫ్యానా?

కంప్యూటర్‌కి వాటర్ కూలింగ్ (పంపుతో నీళ్లు తిప్పి లోపలి వేడిని లాగేయడం) పెట్టేవాళ్లలో చాలామందికి కావలసింది నిశ్శబ్దం. మరి ఆ నీళ్ల వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్‌కి ఫ్యాన్ ఉండాలా, వద్దా?

చప్పుడు: ఫ్యాన్ తీసేసినా పంపు మూలుగు పోదు. ఇక 120 ఎంఎం ఫ్యాన్‌ని నిమిషానికి 600 చుట్లకు తగ్గిస్తే దాదాపు వినపడదు. పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే రెండింటికీ తేడా నాకైతే తెలియలేదు.

వేడి: అసలు పేచీ ఇక్కడే. ఏ రేడియేటరూ నీళ్లను గది కంటే చల్లబరచలేదు. మే నెలలో విశాఖ పెదవాల్తేరులో గదే 34 డిగ్రీలుంటే లెక్క అక్కడే మొదలు. ఫ్యాన్ లేనిదానికి వేడెక్కిన గాలి దానంతటది పైకి లేవడమే దిక్కు. నీళ్లు బాగా వేడెక్కితే తప్ప వేడి బయటకు పోదు. 65 వాట్ల ప్రాసెసర్‌కి సరే. 250 వాట్ల గ్రాఫిక్స్ కార్డు కూడా కలిపితే కష్టం. సీలింగ్ ఫ్యాన్ గాలి తగిలితే కొంత నయం, అప్పుడది ఫ్యాన్ లేనిదెలా అవుతుందో మరి!

చోటు: ఫ్యాన్ లేని జల్మన్ రిజరేటర్ లాంటిది రెండడుగుల అల్యూమినియం స్తంభం. ఫ్యానున్న 240 ఎంఎం రేడియేటర్ చాలా కేబినెట్లలో ఇమిడిపోతుంది.

తుప్పు: రేడియేటర్ అల్యూమినియంది, ప్రాసెసర్ మీద కూర్చునే పలక రాగిది అయితే, రెండూ ఒకే నీళ్లలో కలిసి అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. తుప్పు పట్టనివ్వని మందు కలిపిన కూలెంట్ తప్పదు. ఫ్యానుంటే దుమ్ము కూడా దులపాలి.

ఏసీ గదిలో పాటలు రికార్డు చేసుకునేవాళ్లకి, చిన్న ప్రాసెసర్‌తో సరిపెట్టుకునేవాళ్లకి ఫ్యాన్ లేనిది. గేములు, వీడియో ఎడిటింగ్ అంటే మాత్రం పెద్ద రేడియేటర్, నెమ్మది ఫ్యాన్లే.