కరెంటు బిల్లులో పై సగం, కింది సగం

మా ఇంటికి కరెంటు ఇచ్చేది ఏపీసీపీడీసీఎల్, అంటే ఆంధ్రప్రదేశ్ మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ నుంచి ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలను విడదీసి, విజయవాడ కేంద్రంగా ఏర్పాటు చేసిన ఈ సంస్థ 2020 ఏప్రిల్ నుంచి పనిచేస్తోంది. కిరాణా కొట్టు నచ్చకపోతే వీధి చివర కొట్టుకు పోవచ్చు గానీ కరెంటు విషయంలో ఆ వీలు లేదు, కాబట్టి ఈ సమీక్ష చదివి ఎవరూ సంస్థను మార్చుకోబోరు. అయినా నెలనెలా డబ్బు కట్టేవారికి, దేనికి కడుతున్నామో తెలిసి ఉండాలన్నది నా పట్టుదల. సరఫరా బాగుంది, తక్కువ వాడేవారికి రేటు న్యాయంగానే ఉంది, కానీ బిల్లు కింది సగం మామూలు మనిషికి అర్థమయ్యేలా లేదు. నా అభిప్రాయం ఇదీ.

ముందు పై సగం, అంటే ఆ నెల వాడిన యూనిట్ల చార్జీల సంగతి చూద్దాం. గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4 రూపాయల 50 పైసలు, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు. 2022-23లో వచ్చిన ఈ పట్టిక 2025-26లోనూ మారలేదు. దీని మీద మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ ఒక అపోహ గట్టిగా ఉంది. మీటరు 225 దాటితే మొత్తం వాడకానికీ పై రేటు పడుతుందని నమ్మి, నెలాఖరులో ఏసీ ఆపేసి ఉక్కలో కూర్చునేవాళ్ళు ఉన్నారు. అది నిజం కాదు. 226వ యూనిట్ నుంచి మాత్రమే 8.75 పడుతుంది, కింది యూనిట్లకు కింది రేట్లే వర్తిస్తాయి. అయితే ఈ భయం ఉత్తినే పుట్టింది కాదు. 2022కు ముందు వాడకాన్ని బట్టి వినియోగదారులను ఏ, బీ, సీ అని గ్రూపులుగా విడగొట్టేవారు, గ్రూపు మారితే కింది యూనిట్ల రేటు కూడా మారిపోయేది. ఆ పద్ధతి పోయింది గానీ దాని జ్ఞాపకం పోలేదు.

మా ఇంటి లెక్కే చెబుతాను. చలికాలంలో 118 యూనిట్లు వాడిన నెలకు ఎనర్జీ చార్జీ 385 రూపాయల 50 పైసలు, అంటే యూనిట్‌కు సగటున 3 రూపాయల 27 పైసలు. రోహిణి కార్తెలో 312 యూనిట్లు వాడిన నెలకు అదే చార్జీ 1,778 రూపాయల 25 పైసలు, సగటు 5 రూపాయల 70 పైసలు. వాడకం రెండున్నర రెట్లకు కాస్త పైన పెరిగితే చార్జీ నాలుగున్నర రెట్లు పెరిగిందన్నమాట. ఎక్కువ వాడేవాడి దగ్గర ఎక్కువ తీసుకుని, రెండు బల్బులు, ఒక ఫ్యానుతో బతికే ఇంటికి తక్కువకు ఇవ్వడం సబబే కాబట్టి దీని మీద నాకు ఫిర్యాదు లేదు. కిలోవాట్‌కు 10 రూపాయల చొప్పున ఫిక్స్‌డ్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం కూడా అభ్యంతరపెట్టాల్సినంతవి కావు. రెండో ఏసీ పెట్టినప్పుడు లోడు (కనెక్షన్ మీద నమోదైన సామర్థ్యం) 2 కిలోవాట్ల నుంచి 5కు పెంచుకుంటే ఫిక్స్‌డ్ చార్జీలో నెలకు పెరిగింది 30 రూపాయలే. ఏసీలు బిగించి లోడు పెంచుకోని ఇళ్ళు వీధికి పది ఉంటే, ఆ భారం ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. ఈ 30 రూపాయలు మిగుల్చుకోవడం తెలివి అనుకునేవారు ఆ సంగతి కూడా ఆలోచించాలి.

ఇక కింది సగం. ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు పేరుతో నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా వసూలు చేసుకునే వీలు పంపిణీ సంస్థలకు ఉంది. దానికి కూడా సరిపోని ఖర్చును ఏడాది చివర లెక్కగట్టి, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టి, అనుమతి వచ్చాక వసూలు చేస్తారు. దీన్నే జనం ట్రూఅప్ అంటున్నారు. 2022-23కు సంబంధించి మూడు పంపిణీ సంస్థలకు కలిపి ఆరు వేల కోట్లకు పైగా, 2023-24కు సంబంధించి తొమ్మిది వేల కోట్లకు పైగా వసూలుకు 2024 చివర్లో అనుమతి వచ్చింది. ఆ తరువాత లెక్క తిరగబడి, 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు తగ్గించమని కూడా మండలి ఆదేశించింది. తగ్గించడం మంచిదే. నా అభ్యంతరం మొత్తం ఎంతన్న దాని మీద కాదు, వసూలు చేసే తీరు మీద. పాత నెలలో ఆ సర్వీసు నంబరు మీద ఎంత వాడితే దాన్ని బట్టి ఇప్పుడు వేస్తారు. సర్వీసు నంబరు గోడకు ఉంటుంది, మనిషి మాత్రం మారిపోతాడు. గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ మొగల్రాజపురంలోనో కొత్తగా అద్దెకు దిగినవాడు, రెండేళ్ళ కిందట అదే ఇంట్లో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషి వేసుకున్న ఏసీకి ఈ నెల డబ్బు కడతాడు. అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడు ఇంటి యజమానితో ఈ మాట ముందే తేల్చుకోవాలని కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాను.

ఆ అదనపు ఖర్చు ఎందుకు వచ్చిందో తెలియాలంటే కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. హైదరాబాద్ రోడ్డులో ఇబ్రహీంపట్నం చేరేసరికి కనిపించే పొగగొట్టాలు నార్ల తాతారావు థర్మల్ కేంద్రానివి. 1979లో మొదటి 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలై, అలాంటివి ఆరు, తరువాత 500 మెగావాట్లది ఒకటి, 2023 చివర్లో 800 మెగావాట్లది ఒకటి చేరి, మొత్తం 2,560 మెగావాట్లయింది. అది రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కోది, పంపిణీ సంస్థది కాదు. మన పక్కనే తయారైనా ఆ కరెంటు నేరుగా మన ఇంటికి రాదు, గ్రిడ్‌లో కలిసిపోతుంది. బూడిద మాత్రం నేరుగా ఇబ్రహీంపట్నం, కొండపల్లి ఇళ్ళ మీదే వాలుతుంది. కృష్ణలో నీరుంటే చౌక కరెంటు వస్తుంది: శ్రీశైలం కుడిగట్టు కేంద్రం సామర్థ్యం 770 మెగావాట్లు, పల్నాడు పొలాలకు పోయే సాగర్ కుడి కాలువ మీద ఉన్నది 90 మెగావాట్లు. నీళ్ళు లేని ఏడాది ఇవి అక్కరకు రావు. కొండపల్లిలో కట్టిన ప్రైవేటు గ్యాస్ కేంద్రానికి కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ తగ్గిపోయాక పని లేకుండా పోయింది. రాయలసీమ సౌర విద్యుత్ పగలు ఆదుకుంటుంది గానీ సాయంత్రం ఏడింటికి జనం ఇళ్ళకు చేరి స్విచ్చులు వేసే వేళకు సూర్యుడు ఉండడు. అప్పుడు బొగ్గయినా మండించాలి, లేదా కరెంటు కొని అమ్మే మార్కెట్ అయిన ఎక్స్‌ఛేంజ్‌లో కొనాలి. 2022 వేసవిలో దేశమంతా బొగ్గుకు కటకటలాడినప్పుడు ఎక్స్‌ఛేంజ్‌లో యూనిట్ ధర 12 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకింది, రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. స్లాబు పట్టికలోకి రాని ఆ సంవత్సరం ఖర్చే తరువాత కింది సగంలోకి వచ్చి చేరింది. ఇంత కథ ఉన్నప్పుడు, బిల్లు కాగితం మీద నాలుగు పొడి అక్షరాలు అచ్చువేసి వదిలేయడం నాకు నచ్చలేదు. ఏ సంవత్సరానిది, ఎన్ని యూనిట్లకు, ఇంకా ఎన్ని నెలలు అన్నది ఒక్క వరుసలో తెలుగులో రాస్తే సరిపోతుంది.

సేవ విషయంలో మాత్రం మంచి మాటే చెప్పాలి. మొన్న ఆషాఢంలో ఒక రాత్రి మా ఫ్లాట్‌లో దీపాలు మిణుకుమిణుకుమంటుంటే 1912కు ఫోన్ చేశాము. గంటలోపు ఇద్దరు వచ్చారు. పెద్దాయన స్తంభం దగ్గర, తరువాత మీటరు దగ్గర టెస్టరు పెట్టి చూసి, "మా వైపు బాగానే ఉందండీ, మీ మెయిన్ స్విచ్‌లో న్యూట్రల్ లూజుగా ఉంది, రేపు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుకోండి, అప్పటిదాకా ఫ్రిజ్ ప్లగ్ తీసేయండి" అన్నాడు. తప్పు మాదే. టీ తాగి వెళ్ళమంటే, ఇంకా మూడు కంప్లయింట్లు ఉన్నాయంటూ వానలోనే బండి తీశాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ వైపు ముంచెత్తినప్పుడు, నీళ్ళలో మీటర్లు మునిగిన ఇళ్ళకు తొందరపడి సరఫరా ఇవ్వకుండా, నీరు తీసిన వీధి నుంచి మొదలుపెట్టి విడతలుగా ఇచ్చారు. చీకట్లో ఉన్నవారికి అది కష్టమే అయినా, ఆ పరిస్థితిలో చేయవలసింది అదే.

చివరగా, ఇంటి మీద సోలార్ పెట్టించుకోవాలా అని అడిగేవారి కోసం ఒక మాట. కేంద్రం ఇచ్చే రాయితీ 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి కాబట్టి 3 కిలోవాట్లతో నెలకు 360 యూనిట్ల దాకా లెక్క వేసుకోవచ్చు. నెలకు 300 దాటి వాడే ఇంటికి ఇది 8.75 రేటు యూనిట్లను ముందు కోసేస్తుంది కాబట్టి లాభం. 120 యూనిట్ల ఇంటికి మిగిలేది 4.50, 3 రూపాయల, అంతకన్నా తక్కువ రేటు యూనిట్లే, తొందరపడనక్కర్లేదు. గుంటూరులో మా అత్తగారింటి మీద పలకలు బిగించిన ప్రైవేటు కంపెనీ, డబ్బు పూర్తిగా చేతికి అందాక నెట్ మీటరు (ఇంటి నుంచి గ్రిడ్‌కు పోయిన కరెంటును, గ్రిడ్ నుంచి వాడుకున్నదాన్ని రెండింటినీ లెక్కగట్టే మీటరు) కాగితాలు నడిపించడానికి రెండు నెలలు తిప్పింది. కనుక ఎవరితో పెట్టించినా, నెట్ మీటరు తిరగడం మొదలయ్యేదాకా ఆఖరి వాయిదా చేతిలోనే ఉంచుకోండి.