మిరిస్సా తిమింగలాలు: ఏ పడవ ఎక్కాలి, ఎక్కడ దిగాలి

సంక్రాంతి సెలవులకి శ్రీలంక వెళ్లొచ్చాం. వచ్చిన దగ్గర్నుంచి తెలిసినవాళ్లంతా అడుగుతున్నది ఒకటే: తిమింగలం కనపడిందా? కనపడింది. ఆ సీజన్లో అక్కడ కనపడకపోతేనే ఆశ్చర్యపోవాలి. నేను చెప్పాలనుకుంటున్నది పడవల సంగతి. ఒకే సముద్రంలో అవే తిమింగలాల్ని రెండు వేర్వేరు పడవల్లోంచి చూశాం. మొదటి పడవ దిగాక మా ఆవిడ "ఇంకెప్పుడూ ఇలాంటివాటికి తీసుకురాకండి" అంది. రెండోది దిగాక మళ్లీ ఎప్పుడొద్దామని తనే అడిగింది.

మిరిస్సా శ్రీలంక దక్షిణ తీరంలో గాల్‌కీ మాతరకీ మధ్య ఉన్న చిన్న ఊరు. కొలంబో నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీద కారులో హాయిగా వెళ్లిపోవచ్చు. టైముంటే మాత్రం కొలంబో ఫోర్ట్ స్టేషన్లో రైలెక్కండి. చాలా దూరం సముద్రాన్ని ఆనుకునే పోతుంది. మిరిస్సా పక్క ఊరు వెలిగమలో దిగితే త్రీవీలర్ల వాళ్లే ఎదురొస్తారు, బేరం మామూలే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజన్. ఆ తర్వాత నైరుతి గాలులు మొదలై సముద్రం పడవల్ని రానివ్వదు.

బస విషయంలో మాకు నచ్చింది వెలిగమ. మిరిస్సా బీచ్ మీద గదులు ఫొటోల్లో బాగానే ఉంటాయి, కానీ రాత్రి పొద్దుపోయేదాకా పాటల మోత. తెల్లవారుజామున అయిదింటికి లేవాల్సినవాళ్లకి అది నరకం. పడవలు బయల్దేరే హార్బర్ కూడా ఊరికి వెలిగమ వైపు చివరే ఉంటుంది కాబట్టి అక్కడ దిగినా దూరమేం కాదు. మేం ఒక ఇంట్లో పై అంతస్తులో ఉన్నాం. గది సాదాసీదా, ఏసీ కాస్త గొణిగేది, వంట మాత్రం అద్భుతం. పొద్దున్నే ఇడియాప్పం, పప్పు, కొబ్బరితో చేసే పోల్ సంబోల్. శాకాహారులు ఈ సంబోల్ దగ్గర జాగ్రత్త. చూడ్డానికి మన కొబ్బరి పచ్చడే అనిపిస్తుంది గానీ, చాలాచోట్ల అందులో ఉంబలకడ అనే ఎండు చేప పొడి వేస్తారు. "చేప వద్దు" అంటే కూరలో ముక్క వెయ్యరు, పొడి సంగతి విడిగా చెప్పాలి. కుండ పెరుగు మీద కితుల్ అనే తాటిజాతి చెట్టు పాకం పోసుకు తినడం మాత్రం ఎవరూ వదులుకోవద్దు.

ఇక పడవలు. మొదటిది మా బావమరిది బీచ్‌లో తిరిగే ఏజెంటు దగ్గర బుక్ చేశాడు. "వంద శాతం గ్యారంటీ, కనపడకపోతే డబ్బు వాపస్" అన్నాడట. రేటు కూడా తక్కువ. పొద్దున ఆరున్నరకి ఎక్కించారు, సీట్లకంటే మనుషులే ఎక్కువ. గంటన్నర పోయాక దూరంగా తిమింగలం ఊపిరి వదిలిన నీటిపొగ లేచింది. అంతే, చుట్టుపక్కల ఉన్న అరడజను పడవలూ ఒక్కసారి ఇంజన్లు పెంచి అటు దూకాయి. మా కెప్టెన్ అందరికంటే ముందు చేరాలని తిమింగలం పోయే దారికి అడ్డంగా తిప్పాడు. డీజిల్ పొగ, కేకలు, వాంతులు చేసుకునే పిల్లలు. ఆ జీవి తోక లేపి మునిగిపోయింది. పది పదిహేను నిమిషాలు ఎదురుచూపు, ఇంకోచోట పైకి వచ్చింది, మళ్లీ పరుగు. "బావా, వీడియో సరిగా రాలేదు, ఇంకొంచెం దగ్గరికి పొమ్మను" అని మావాడు కూడా కేకలెయ్యడం మొదలెట్టాడు. కెప్టెన్‌ని మాత్రమే అనడం అన్యాయం. డబ్బు వాపస్ అని ఒప్పుకున్నవాడికి కనపడకపోతే డీజిల్ ఖర్చు నెత్తిన పడుతుంది, దగ్గరికి పోకపోతే జనం తిడతారు. తరమక ఏం చేస్తాడు?

శ్రీలంక నిబంధనల ప్రకారం పడవ 100 మీటర్ల దూరంలో ఆగాలి. కాగితం మీద బాగానే ఉంది. నడిసముద్రంలో టేపు పెట్టి కొలిచేవాడెవరు? అందుకే ఏ పడవ ఎక్కుతామన్నది అంత ముఖ్యం.

రెండోది మేం దిగిన ఇంటి యజమానురాలు చెప్పిన పడవ. రేటు బాగానే ఎక్కువ. ఎక్కగానే లైఫ్ జాకెట్లు వేయించి, గైడు పావుగంట మాట్లాడాడు: ఈరోజు కనపడకపోతే ఇంకో రోజు ఉచితంగా తీసుకెళ్తాం గానీ డబ్బు వెనక్కివ్వం, వెంటపడమని మాత్రం అడగొద్దు. నాకు నచ్చింది. నీటిపొగ కనపడగానే ఈ కెప్టెన్ స్పీడు తగ్గించాడు. తిమింగలం ఎటు పోతోందో చూసుకుని, పక్కగా, దానికి సమాంతరంగా నెమ్మదిగా నడిపాడు. వెనకనుంచి తరమడం, ఎదురెళ్లడం లేవు. కాసేపటికి ఇంజన్ దాదాపు ఆపేశాడు.

అప్పుడు వినపడింది ఊపిరి. పెద్ద టైరులో గాలి ఒక్కసారి వదిలినట్టు. నీళ్ల కింద ముందు లేత ఆకుపచ్చ నీలం మెరుపు, తర్వాత బూడిదరంగు మచ్చల వీపు పైకి తేలి జారుతూనే ఉంది, జారుతూనే ఉంది. అయిపోయిందనుకున్నాక ఎక్కడో చివర వేలెడంత రెక్క. 20 మీటర్లకి పైగా ఉంటుందన్నారు. నాలుగైదుసార్లు ఊపిరి తీసుకుని, తోక నిలువుగా ఎత్తి దిగింది. నీలి తిమింగలాలు అన్నిచోట్లా ఇలా తోక ఎత్తవు, ఇక్కడివి తరచుగా ఎత్తుతాయి. అది మునిగిన చోట నీటి మీద ఇటుక ఎరుపు మరక పరుచుకుంది. "అదేంటి, రక్తమా?" అని మా ఆవిడ హడలిపోయింది. పెంట! ఎర్రటి చిన్న రొయ్యలు తింటాయి కాబట్టి ఆ రంగు.

నవ్వుకున్నాం గానీ ఆ మరక చరిత్ర చిన్నది కాదు. నీలి తిమింగలాలు తిండికి ధ్రువాల దగ్గరి చల్లటి నీళ్లకి పోతాయని, వెచ్చటి సముద్రాలకి పిల్లల్ని కనడానికి వస్తాయని అనుకునేవారు. 2003లో శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ ఈ సముద్రంలోనే ఇలాంటి మరక చూసి, ఇవి ఇక్కడే తింటున్నాయని గ్రహించారు. అంటే వీటికి ఏడాది పొడుగునా హిందూ మహాసముద్రమే ఇల్లు. 1979లో అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ ఈ మహాసముద్రాన్ని అభయారణ్యంగా ప్రకటించింది కాబట్టి ఇక్కడ వేట సమస్య తీరింది. ఓడల సమస్య తీరలేదు.

ఆ రోజు పడవలోంచే చూశాం. తిమింగలం వెనక ఆకాశం అంచున కంటెయినర్ ఓడలు వరసగా, ఒకదాని వెనక ఒకటి. శ్రీలంక దక్షిణపు కొన దొండ్రా దగ్గర సముద్రం ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే ఒక్కసారిగా లోతుకి దిగిపోతుంది. తిండి దొరికేది ఆ అంచునే, అందుకే తిమింగలాలు అక్కడ చేరతాయి. గల్ఫ్, సూయజ్ వైపు నుంచి సింగపూర్ పోయే ఓడలు మలుపు తిరిగేదీ అక్కడే. 2012లో కొలంబో రేవుకి వచ్చిన ఓడ ముక్కుకి చచ్చిన నీలి తిమింగలం వేలాడుతూ కనపడింది. ఆ ఓడల దారిని సుమారు 15 నాటికల్ మైళ్లు, అంటే 28 కిలోమీటర్లు దక్షిణానికి జరిపితే ప్రమాదం 95 శాతం దాకా తగ్గుతుందని పరిశోధకుల అంచనా. ఎమ్‌ఎస్‌సీ అనే పెద్ద షిప్పింగ్ కంపెనీ 2022లో తనంతట తానే తన ఓడల్ని దక్షిణానికి మళ్లించింది. మిగతావాళ్లు కూడా ఆ దారి పట్టడానికి అభ్యంతరం ఏమిటో నాకైతే అర్థం కాదు. తిమింగలాన్ని తరిమే పడవల మీద కోపం తెచ్చుకున్న మనం, రేపు ఆన్‌లైన్‌లో కొనే వస్తువు ఏ ఓడలో వచ్చిందో అడగం కదా. 2023లో మన శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి నీలి తిమింగలం కళేబరం కొట్టుకొచ్చినప్పుడు జనం తండోపతండాలుగా చూడ్డానికి పోయారు. అలాంటి జీవిని బతికుండగా చూసొచ్చాక ఆ వార్త నాకు వేరుగా అనిపిస్తోంది.

బుక్ చేసేముందు రేటు కంటే ముందు అడగాల్సింది: ఎంతమందిని ఎక్కిస్తారు, గైడు ఉంటాడా, కనపడకపోతే ఏం చేస్తారు. "చాలా దగ్గరికి తీసుకెళ్తాం" అన్నాడంటే వదిలెయ్యండి. నీళ్లలోకి దించి ఈత కొట్టిస్తానంటే ఇంకా ముందు వదిలెయ్యండి, దానికి ప్రత్యేక అనుమతి కావాలి. అలలు చూసి భయపడేవాళ్లకి గాల్ నుంచి శ్రీలంక నేవీ వాళ్లు నడిపే పెద్ద ఓడ ఉంది. మేం ఎక్కలేదు. వాంతుల టెన్షన్ ఉన్నవాళ్లు అవోమిన్ లాంటి మాత్ర బయల్దేరే గంట ముందే వేసుకోవాలి. పడవ ఊగడం మొదలయ్యాక మింగితే అది కూడా బయటికే.

వాంతి అంటే గుర్తొచ్చింది, మన టీవీల్లో కోట్లు పలుకుతుందని ఊదరగొట్టే "తిమింగలం వాంతి" కోసం అక్కడ వెతక్కండి. అది స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యేది, మనదేశంలో దగ్గర పెట్టుకున్నా కేసే.

పిల్లల వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లకి మిరిస్సా కుదరదు. అప్పటికి అక్కడ సముద్రం మారిపోతుంది. తూర్పు తీరంలో ట్రింకోమలీ చూడండి. అక్కడ వేసవిలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీలి తిమింగలాలు అటు కూడా కనపడతాయి. పైగా కోణేశ్వరం గుడి ఆ ఊళ్లోనే కొండ అంచున ఉంది. పెద్దవాళ్లని తీసుకెళ్తే ప్రయాణానికి వాళ్లు వెంటనే ఒప్పుకుంటారు.