ఆకురాలు కాలానికి డీజేఐ మినీ 4 ప్రో

అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో అక్టోబరు ఆకుల రంగులు తీయడానికి ఈ డ్రోన్ చాలు. ఆటో మోడ్‌ని నమ్ముకుంటే మాత్రం చెడుతుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని కెమెరాయే సరిచేసే సెట్టింగ్) మేపుల్ చెట్ల పసుపుని చల్లార్చేసి, ఒక్కో షాటుకి ఒక్కో రంగు చూపిస్తుంది. దాన్ని 5500 కెల్విన్ (రంగు వెచ్చదనం కొలత) దగ్గర కట్టేయండి. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందన) 100, రా ఫైలు (కుదించని అసలు ఫొటో డేటా), ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుతురు) 0.7 స్టాప్ తక్కువ. ఎందుకంటే ఎండ పడిన ఆకుల్లో ముందు ఎరుపు ఛానలే (ఫొటోలో ఎరుపు రంగు డేటా) నిండిపోతుంది, అంచులు కలిసిపోయి ఆకులన్నీ ఎర్రటి ముద్దలా కనిపిస్తాయి.

తడి ఆకుల మెరుపు తగ్గించాలంటే పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టర్) ఉండాల్సిందే. పనోరమాకి మాత్రం తీసేయండి, ఆకాశం మచ్చలుగా వస్తుంది.

ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/1.7 దగ్గరే స్థిరం. వీడియోకి ఇదే పెద్ద లోటు, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు కొనక తప్పదు. 120 మీటర్ల దాకా లేపొచ్చు గానీ 40 దాటితే చెట్లు కాలీఫ్లవర్ పువ్వులే!

బ్యాటరీ 34 నిమిషాలంటారు, చలి పొద్దుల్లో అంత రాదు. ఎగరేసే దాకా జేబులో వెచ్చగా ఉంచి, 30 శాతానికి దించేయండి. రాలిన ఆకుల మీంచి లేపొద్దు, రెక్కల్లో చిక్కుకుంటాయి.

బరువు 250 గ్రాముల లోపే, కాబట్టి సరదాకి ఎగరేస్తే ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ట్రస్ట్ అనే డ్రోన్ భద్రతా పరీక్ష మాత్రం రాయాలి. నేషనల్ పార్కుల్లో నిషేధం. ఆకుల రంగులకి పేరున్న బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు కూడా ఆ లెక్కలోకే వస్తుంది.