అరేలో అరే: ఫర్‌ఈచ్ మేలా, మ్యాప్ మేలా?

గుణుపురం, రాయగడల నుంచి మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న: "అన్నా, జావాస్క్రిప్ట్‌లో అరే (వరస జాబితా) లోపల ఇంకో అరే ఉంటే, లోపల అక్కర్లేనివి ఎలా తీసేయాలి?" కొట్ల జాబితా ఉంది, ఒక్కో కొట్టులో దాని చీరల జాబితా ఉంది అనుకోండి. చాలామంది పైన కొట్ల జాబితాకి ఫిల్టర్ (షరతుకు సరిపోయినవే ఉంచేది) పెట్టి, లోపల సమ్‌తో (some: ఒక్కటైనా సరిపోతుందా అని చూసేది) పరీక్ష రాస్తారు. దాంతో ఏ కొట్టు ఉండాలో తేలుతుంది గానీ, కొట్లోని అమ్ముడైన చీరలు అలాగే ఉంటాయి. లోపలికి దిగాల్సిందే.

ఫర్‌ఈచ్ అనే లూపుతో ఒక్కో కొట్టు దగ్గరికీ వెళ్లి, దాని చీరల జాబితాను ఫిల్టర్ చేసి అక్కడే తిరిగి పెట్టేయొచ్చు. లేదా కొత్త అరే తయారుచేసి ఇచ్చే మ్యాప్‌తో ఒక్కో కొట్టుకూ కొత్త ఆబ్జెక్ట్ (వివరాల మూట) కట్టి, మూడు చుక్కలతో (స్ప్రెడ్) పాత వివరాలు దింపి, చీరల చోట మాత్రం వడకట్టిన జాబితా పెట్టొచ్చు. మొదటిది ఒక్క లైను, చదవడానికీ హాయి. నేనూ చాలాకాలం అదే రాశాను.

బరంపురంలో ఒక పట్టుచీరల వ్యాపారికి పేజీ చేసిచ్చాక తెలిసొచ్చింది. బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం కొట్ల సరుకంతా ఒకేచోట. 'అమ్ముడైనవి దాచు' నొక్కితే దాగాయి. 'అన్నీ చూపించు' నొక్కితే తిరిగి రాలేదు. "ఏం బాబూ, నా చీరలు ఎటు పోయాయి?" అని ఫోను. ఫిల్టర్ కొత్త అరేనే ఇస్తుంది, నిజమే. దాన్ని తీసుకెళ్లి పాత కొట్టులో పెట్టింది నేను! అసలు డేటాయే పోయింది. రియాక్ట్‌లో (స్క్రీన్లు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఇంకో తిప్పలు: ఇలా లోపల మార్చిన అరేనే మళ్లీ సెట్ చేస్తే, రెఫరెన్స్ (ఏ అరేయో చెప్పే గుర్తు) పాతదే కాబట్టి స్క్రీన్ కదలదు.

అందుకే నా ఓటు మ్యాప్‌కి. ఒక్కసారి నడిపి పారేసే స్క్రిప్టయితే ఫర్‌ఈచ్ రాసుకోండి, తప్పులేదు. అయితే మూడు చుక్కలు పైపైనే కాపీ చేస్తాయి. వడకట్టిన జాబితాలో చీర ధర మారిస్తే అసలుదాంట్లోనూ మారుతుంది. ఖాళీ కొట్లు వద్దనుకుంటే మ్యాప్ తర్వాత ఇంకో ఫిల్టర్ పెట్టాలి. ముందే పెడితే చీరలు అప్పటికింకా వడకట్టలేదు కాబట్టి, జాబితా చూసి ఏది ఖాళీయో చెప్పలేం.

లూపు మధ్యలో స్ప్లైస్ (అరేలోంచి అక్కడికక్కడే తీసేసేది) వద్దు. లైన్లో ఒకరిని తీస్తే వెనకవాడు ముందుకు జరుగుతాడు, మనం తర్వాతి నంబరు పిలుస్తాం, వాడు తప్పించుకుంటాడు. 2019లో వచ్చిన ఫ్లాట్‌మ్యాప్ అన్ని కొట్ల చీరలూ ఒకే కుప్ప పోయడానికి బాగుంటుంది. రెడ్యూస్‌తోనూ (అన్నిటినీ కలిపి ఒకే ఫలితం చేసేది) అవుతుంది, చదివేవాడి ఖర్మ.

సర్వర్లో పీహెచ్‌పీ భాష అయితే అక్కడే వడకడదామనిపిస్తుంది. దాని అరే ఫిల్టర్ పాత నంబర్లు అలాగే ఉంచుతుంది. మధ్యలో ఒకటి పోతే జేసన్‌లో (డేటా పంపే రూపం) జాబితా కాస్తా ఆబ్జెక్టై వస్తుంది, ఇటు మ్యాప్ ఎర్రర్ కొడుతుంది. పంపేముందు అరే వాల్యూస్ (నంబర్లు మళ్లీ వరసగా వేసేది) తగిలించండి.