ఆడవాళ్ల సైకిలుకు ఏది మేలు: ఔటర్ ట్రాకా, వీధిలో గట్టు కట్టిన దారా?

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సైకిల్ ట్రాకుకు వంక పెట్టడం కష్టం. పొడవు 23 కిలోమీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు, నెత్తిన సోలార్ పలకల నీడ, రాత్రికి దీపాలు. కార్ల బెడద లేదు కాబట్టి కొత్తగా నేర్చుకునే అమ్మాయికి అది నిశ్చింతైన చోటు. చిక్కల్లా అక్కడికి చేరడంలోనే. ఊళ్లో ఉండేవాళ్లు సైకిలును కారు వెనక కట్టుకుని వెళ్లాలి. వ్యాయామానికి సరే.

మా పక్కింటావిడ ఉదయం చూడండి. బాబును బడిలో దింపాలి, వచ్చే దారిలో పాలు, కూరలు, అత్తగారి మందులు. అన్నీ కలిపినా మూడు కిలోమీటర్లు దాటవు. ఇంటి నుంచి ఆఫీసుకు గీత గీసినట్టు వెళ్లొచ్చే మగవాడి ప్రయాణం కాదిది, నాలుగు మలుపులు, నాలుగు చోట్ల ఆగడం. ముందు బుట్టలో సొరకాయ, వెనక క్యారియర్ మీద పిల్లవాడు ఉంటే, బస్సు హారన్ కొట్టగానే చటుక్కున పక్కకు తప్పుకోవడం కుదరదు. చివరికి ఆవిడ స్కూటీ కొనుక్కుంది. సైకిలు బాల్కనీలో తువ్వాళ్లు ఆరేయడానికి పనికొస్తోంది.

స్పెయిన్‌లోని సెవిల్ నగరం 2006 తరవాత ఇలాంటి చిన్న ప్రయాణాలకు పనికొచ్చే దారులే వేసింది. ఎక్కడో ఒక ట్రాకు కాకుండా పేటలన్నిటినీ కలుపుతూ, కార్లు నిలిపే జాగా తీసుకుని, కార్లకూ సైకిళ్లకూ మధ్య గట్టు కట్టి, మొదటి విడతలోనే దాదాపు 80 కిలోమీటర్లు. కొన్నేళ్లలోనే రోజుకు ఆరు వేలున్న సైకిలు ప్రయాణాలు 70 వేల దాకా పెరిగాయి. ఇలాంటి దారులు దేశమంతా ఉన్న నెదర్లాండ్స్‌లో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువగా తొక్కుతారు. ఆడవాళ్లకు సహజంగానే భయమన్న వాదన అక్కడే వీగిపోతుంది.

రోడ్డు మీద తెల్లగీత గీసి సరిపెట్టడం మూడో దారి. నాలుగు ఆటోలు నిలబడితే గీత మాయం. దాని గురించి ఇంకో వాక్యం దండగ.

గట్టుదారికీ తిప్పలున్నాయి. మ్యాన్‌హోల్ మూతలు, ట్రాన్స్‌ఫార్మర్లు, తోపుడు బండ్లు అడ్డొస్తాయి. బండ్లకు వేరే చోటు చూపకుండా తరిమితే కూరలమ్మే ఆడవాళ్ల పొట్ట కొట్టినట్టే. అయినా రాత్రి ఎనిమిదింటికి ఒంటరి ట్రాకు మీద వెలిగే దీపంకంటే, తెరిచి ఉన్న కిరాణా కొట్టే నాకు ఎక్కువ ధైర్యం.

ఔటర్ ట్రాకు తీసేయమని కాదు, తరవాతి డబ్బు మాత్రం వీధికే ఇవ్వాలంటాను. ముందు ఒక బడిని, రైతుబజారును, మెట్రో స్టేషనును కలిపినా చాలు. జాగా ఎక్కడుందంటారా? ఉదయం ఎనిమిదింటికి ఆ బడి ముందు రెండు వరసల్లో నిలిచిన కార్ల కింద ఉంది.