టీచర్ల రెజ్యూమె రాసిపెట్టే ఆన్‌లైన్ సర్వీస్: వాడి చూశాను

పాఠాలు చెప్పడం మానేసి కార్పొరేట్ ట్రైనింగ్ వైపు వెళ్దామని ఈ సర్వీస్ తీసుకున్నాను. అన్నిటికన్నా నచ్చింది మొదటి ఫోన్ కాల్. ఏ సబ్జెక్ట్ చెప్పారని అడిగి ఊరుకోలేదు. చదువులో వెనకబడ్డ పిల్లల్ని ఎలా గుర్తించేవారు, కొత్త టీచర్లకు పని ఎవరు నేర్పేవారు, తల్లిదండ్రులు గొడవకొస్తే ఎలా సర్దిచెప్పేవారు అని తవ్వి తవ్వి అడిగారు. "తొమ్మిదో తరగతికి సైన్స్ బోధించాను" అని నేను రాసుకున్న లైను కాస్తా "యూనిట్ పరీక్షల మార్కులు విశ్లేషించి, వెనకబడ్డ విద్యార్థులకు విడిగా పాఠాలు రూపొందించి అమలుచేశాను" అయింది. అంతా నేను చేసిన పనే, ఒక్క ముక్క అబద్ధం లేదు. ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ (అంటే శిక్షణ పాఠాలు రూపొందించే) ఉద్యోగాల్లో తరచూ అడిగే యాడీ పద్ధతి అంటే విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం. టీచర్లు రోజూ చేసేది అదే కదా! అది కాగితం మీద చూసుకున్నాక సగం టెన్షన్ పోయింది.

నచ్చనిది డిజైన్. రెండు కాలమ్‌లు, బొమ్మలు, నైపుణ్యాల పక్కన చుక్కల రేటింగు. వచ్చిన రెజ్యూమెలను చదివి వడపోయడానికి కంపెనీలు వాడే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని ఇలాంటి లేఅవుట్‌ను సరిగ్గా చదవలేవు, ఈ వరసా ఆ వరసా కలిపేస్తాయి. చెప్పాక ఒకే కాలమ్‌లోకి మార్చి ఇచ్చారు. కానీ ఇది మేం చెప్పాల్సిన విషయమా? కవర్ లెటర్ పర్వాలేదు.

మీరూ తీసుకుంటే ఆ కాల్‌కి ముందే చేసిన పనులన్నీ రాసి పెట్టుకోండి, టైమ్‌టేబుల్ వేసినదీ, వార్షికోత్సవం నడిపినదీ కూడా.