మా స్కూల్లో ఆదివారం మెంటర్ల క్లాసు: ఐదుకి నాలుగు ఇస్తానండి

మా అమ్మాయి అంబాజీపేట దగ్గర గవర్నమెంట్ హైస్కూల్లో ఎనిమిదో తరగతండి. అక్కడ ఆదివారం పొద్దున్న ఊళ్లో పెద్దోళ్లు కొంతమంది వచ్చి పిల్లలకి మెంటర్లుగా కూర్చుంటున్నారు, ఫీజేం లేదు.

అందరూ ఒకలా ఉండరు లెండి. ఒకాయన కార్లో వచ్చి గంటసేపు తన గొప్పలు చెప్పి పిల్లలతో ఫొటో దిగి పోయారు, మళ్లీ కనిపించలేదు. అసలు పనికొచ్చేది వారం వారం వచ్చేవాళ్లేనండి, ముఖ్యంగా రిటైరైన బ్యాంకు ఆయన. ఎన్‌ఎంఎంఎస్ అని సెంట్రల్ గవర్నమెంట్ స్కాలర్‌షిప్ ఒకటుంది, ఆ పరీక్షకి చెప్తారు. ఎనిమిదిలో రాసి సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు, అంటే మొత్తం 48 వేలు, ఇంట్లో ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ప్రైవేటు స్కూలు పిల్లలకి లేదు. ఇదంతా మా వీధిలో సగం మందికి తెలీదండి బాబూ. పేపర్లో 90 ప్రశ్నలు రీజనింగే, లెక్కలు బాగా వచ్చిన పిల్లలు కూడా అక్కడే బెదురుతారు, ఆయన దాన్ని పట్టుకుని రుద్దుతున్నారు. పైగా ఆధార్లో పేరు, స్కూలు రికార్డులో పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు మూడూ పక్కపక్కన పెట్టి చూశారు, మావాళ్లకి ఇంటిపేరు తేడా వచ్చింది, డబ్బులు పడే టైముకి అదో తలనొప్పి అయ్యేది.

కువైట్లో నర్సుగా చేసొచ్చిన ఆవిడ కూడా బాగా మాట్లాడతారు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఏజెంటు మాట నమ్మి గల్ఫ్ వెళ్తే ఏమవుతుంది, అన్నీ దాచకుండా చెప్తారు. ఆడపిల్లలున్న గదిలో టీచరు కూడా కూర్చుంటున్నారు, తలుపు తీసే ఉంచుతారు, అది నాకు నచ్చింది.

నచ్చనిది వీడియో కాల్ మెంటర్లు. బెంగుళూరు నుంచి వారానికో కొత్త మొహం, పిల్లలు ప్రతిసారీ పేరు, ఊరు, నాన్నేం చేస్తారు అని మొదట్నుంచీ అప్పజెప్పుకోవాలి, ఈలోపు సిగ్నల్ పోతుంది. ఇంకోటి, గోదారి పొంగి కాజ్‌వే మునిగిన వారాల్లో లంక పిల్లలు రాలేరు కదా, వాళ్లకి ఆ వారం పేపర్లు పంపే ఏర్పాటు లేదు, ఒక లోటు అదే.

ఎనిమిదిలో పిల్లలుంటే జూన్ నుంచే పంపండి, పరీక్ష మామూలుగా డిసెంబర్లో పెడతారు, దసరా తర్వాత చేరితే ఆ బ్యాంకు ఆయన స్పీడ్ అందుకోలేరు. రఫ్ నోటు, పెన్ను మనమే పంపాలి, టీ బిస్కెట్లు వాళ్లవేనండి.